ఊరు విడిచి నగరానికి వచ్చిన క్రైస్తవ యువత విశ్వాసాన్ని రోజువారీగా నిలుపుకోవడం ఎలా?

ఊళ్ళో ఉన్నంతకాలం మన విశ్వాసాన్ని మోసే పనిలో సగానికి పైగా ఇతరులే చేస్తారు. ఆదివారం తెల్లవారుతుండగానే మందిరం మైకులో పాట మొదలవుతుంది, అమ్మ త్వరగా తయారవమని తొందరపెడుతుంది, సండే స్కూల్ టీచరు కంఠతా వాక్యం అప్పజెప్పించుకుంటుంది, రాత్రి భోజనానికి ముందు నాన్న కుటుంబ ప్రార్థన చేయిస్తాడు. డిగ్రీయో బీటెక్కో పూర్తి చేసి, అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సుకో, అశోక్‌నగర్‌లో గ్రూప్స్ కోచింగుకో, గచ్చిబౌలిలో ఉద్యోగానికో వచ్చి, నలుగురుండే హాస్టల్ గదిలో ఒక మంచం దొరకబుచ్చుకున్న మరునాటి నుంచి ఆ పని మొత్తం మీ మీద పడుతుంది. విశ్వాసం వదిలేద్దామని నిర్ణయించుకునేవారు చాలా అరుదు. ఒక ఆదివారం పరీక్ష పడుతుంది, ఇంకో ఆదివారం నైట్ షిఫ్ట్ ముగించుకొని వచ్చి నిద్రపోతారు, మరో ఆదివారం రూమ్మేట్ పుట్టినరోజు వస్తుంది. క్రిస్మస్‌కు ఇంటికి వెళ్ళేసరికి బైబిలు సూట్‌కేసు అడుగున ఎక్కడుందో వెతుక్కోవలసి వస్తుంది.

అందుచేత కింద చెప్పినవాటిలో ఎక్కువ భాగం ఏర్పాట్లకు సంబంధించినవే. మంచి మీటింగుకు వెళ్ళి వచ్చిన రాత్రి కలిగే ఆవేశం మంగళవారానికి ఉండదు. ముందుగా చేసి పెట్టుకున్న ఏర్పాటు ఉంటుంది.

మొదటి వారంలో: వేళ, చోటు

హాస్టల్‌లో చేరిన మొదటి వారంలోనే ప్రార్థనకు ఒక వేళను, ఒక చోటును ఖాయం చేసుకోండి, ఎందుకంటే రెండో వారానికల్లా గదిలోని దినచర్య గట్టిపడిపోతుంది, ఆ తరువాత దానిలో చోటు చేసుకోవడం కష్టమవుతుంది. తెల్లవారుజామున నాలుగింటికి లేచి గంటసేపు ప్రార్థిస్తానని మొక్కుకోకండి. మీరు అత్యంత అలసిపోయిన రోజున కూడా చేయగలిగినంత సమయాన్ని మాత్రమే నిర్ణయించుకోండి. పదిహేను నిమిషాలైతే పదిహేను నిమిషాలే. ఇంట్లో అలవాటైనట్టు గొంతెత్తి ప్రార్థించడం నలుగురుండే గదిలో కుదరదు. అక్కడ నిద్రపోతున్నవారి హక్కు కూడా ఉంది. మేడ మీద నీళ్ళ ట్యాంకు పక్కన, టిఫిన్ వేళకు ముందు ఖాళీగా ఉండే భోజనశాలలో, అదీ కుదరకపోతే మంచం మీదే గోడవైపు తిరిగి కూర్చొని, ఒక నోటుబుక్కులో ప్రార్థనను రాసుకోవచ్చు. రాసే ప్రార్థనకు ఒక లాభం ఉంది: మూడు నెలల తరువాత తిరగేస్తే మీరు దేనికోసం అడిగారో, ఏది అడగడం మానేశారో, ఎవరి పేరు ఒక్కసారి కూడా రాయలేదో కనిపిస్తుంది.

ప్రయాణంలో చేసే ప్రార్థనను చులకన చేయవద్దు, కానీ దాన్నే ఏకైక ప్రార్థనగా పెట్టుకోవద్దు. మెట్రోలో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని ప్రసంగం వినడం ప్రార్థనకు సమానం కాదని కూడా ఇక్కడే చెప్పాలి. వినడం సులువు, వింటున్నంతసేపూ మనం మాట్లాడవలసిన అవసరం ఉండదు.

చదివే పద్ధతి

చాలామంది జనవరి ఒకటిన ఆదికాండంతో మొదలుపెట్టి, లేవీయకాండంలో బలుల నియమాల దగ్గర ఆగిపోతారు. బైబిల్లోని 66 పుస్తకాలలో 1,189 అధ్యాయాలున్నాయి. ఏడాదిలో పూర్తి చేయాలంటే రోజుకు మూడు నాలుగు చదవాలి, ఉద్యోగం వెతుక్కునే రోజుల్లో అది నిలబడే లెక్క కాదు. కొత్త నిబంధనలో ఉన్నవి 260 అధ్యాయాలు. వారానికి ఐదు రోజులు, రోజుకు ఒక్క అధ్యాయం చదివితే 52 వారాల్లో సరిగ్గా పూర్తవుతుంది, పైగా తప్పిపోయినవి చదువుకోవడానికి శని, ఆదివారాలు మిగులుతాయి. మార్కు సువార్తతో మొదలుపెట్టండి. పదహారే అధ్యాయాలు, కథనం వేగంగా సాగుతుంది, యేసు ఏమి చేశాడో ముందు తెలుస్తుంది. మనసు బాగాలేని రోజున అధ్యాయం పక్కన పెట్టి ఒక కీర్తన చదవండి. ఫిర్యాదు చేసే కీర్తనలు, కోపంగా మాట్లాడే కీర్తనలు కూడా ఆ పుస్తకంలో ఉన్నాయని గమనిస్తే, మీ ప్రార్థనలోని మర్యాద మాటలు కొన్ని తగ్గి నిజం కాస్త పెరుగుతుంది.

చదివిన ప్రతిసారీ ఒక్క ప్రశ్న రాసుకోండి. జవాబు రాయనవసరం లేదు. “అంజూరపు చెట్టు మీద యేసుకు ఎందుకు కోపం వచ్చింది?” వంటి ప్రశ్న ఏదైనా సరే. పది ప్రశ్నలు పోగైన తరువాత మీ సంఘంలో చదువుకున్న పెద్దవారిని ఒకరిని పట్టుకొని అడగండి. ప్రశ్న అడగడం అవిశ్వాసమని ఎవరైనా గద్దిస్తే, మరొక పెద్దవారిని వెతుక్కోండి.

సంఘాన్ని ఎంచుకోవడం

నగరంలో సంఘాలకు కొరత లేదు. ఆబిడ్స్ చుట్టుపక్కల నూరేళ్ళు దాటిన చర్చిలు ఉన్నాయి. మరోవైపు కూకట్‌పల్లిలో ఫంక్షన్ హాలు అద్దెకు తీసుకొని నడిపే ఆరాధనలు, అపార్టుమెంటు మొదటి అంతస్తులో జరిగే కూడికలు కూడా ఉన్నాయి. భవనం పాతదా కొత్తదా అన్నది ముఖ్యం కాదు. ఇక్కడ మూడు విషయాలు కనుక్కోండి. కానుకల లెక్కలు సభ్యుల ముందు చదువుతారా? పాస్టరుగారికి జవాబు చెప్పవలసిన కమిటీగానీ పెద్దలుగానీ ఉన్నారా? జబ్బు చేసినప్పుడు ప్రార్థనతోపాటు ఆసుపత్రికి కూడా వెళ్ళమంటారా? ఈ మూడింటిలో ఏ ఒక్కదానికి “లేదు” అని జవాబు వచ్చినా, పాట ఎంత బాగున్నా అక్కడ స్థిరపడకండి. మందు మానేస్తే విశ్వాసం చూపించినట్టని చెప్పేచోట ఒక్క ఆదివారం కూడా ఎక్కువే.

మొదటి నెలలో మరో ఒత్తిడి కూడా ఎదురవుతుంది. మీరు సీఎస్ఐ (చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా) లేదా లూథరన్ కుటుంబం నుంచి వచ్చి ఉంటే, పసితనంలో పొందిన బాప్తిస్మం చెల్లదనీ, వచ్చే ఆదివారమే నీళ్ళలో మునగాలనీ హాస్టల్‌లోనే చెప్పేవారు దొరుకుతారు. బాప్టిస్టు, బ్రదరన్, పెంతెకోస్తు సంఘాలు తాము నమ్మి, తగిన లేఖన ఆధారంతోనే పెద్దవారికి ముంచే బాప్తిస్మం ఇస్తాయి. శిశు బాప్తిస్మం ఇచ్చే సంఘాలకూ తమ కారణాలు ఉన్నాయి, అవి ఎదిగిన తరువాత విశ్వాసాన్ని బహిరంగంగా ఒప్పుకునే నిర్ధారణను కోరతాయి. శతాబ్దాలుగా సాగుతున్న ఈ చర్చను మీరు హాస్టల్ మెట్ల మీద ఒక సాయంత్రంలో తేల్చలేరు. ఇంటి దగ్గరి అయ్యగారికి, అంటే ఊరి సంఘం పాస్టరుకు ఫోను చేసి అడగండి, రెండు వైపులా చదవండి, ఆరు నెలల తరువాత కూడా అదే మనసు ఉంటే అప్పుడు నిర్ణయించుకోండి. తొందరపెట్టేవారి తొందర మీ ఆత్మ కోసమో, తమ లెక్క కోసమో తెలుసుకోవడానికి కూడా ఆ ఆరు నెలలు పనికివస్తాయి.

ఆదివారం పోటీ పరీక్ష పడితే అపరాధ భావం పెట్టుకోకుండా పరీక్ష రాయండి, కానీ ఆ వారంలో సాయంత్రపు ఆరాధనకో, మధ్యలో జరిగే కూడికకో తప్పక వెళ్ళండి. ఒక వారం పోయినా పర్వాలేదనిపించడం సహజమే, అయితే దాన్ని పూడ్చుకోకుండా రెండో వారాన్ని పోనివ్వకండి.

దానియేలు గీసుకున్న గీత

ఇంటికి దూరంగా, వేరే నమ్మకాల మధ్య చదువుకుని ఉద్యోగం చేసిన యువకుడు బైబిల్లో ఎవరంటే దానియేలు. బబులోను రాజు అతనికి కల్దీయుల భాషా విద్యలను మూడేళ్ళపాటు నేర్పించాడు, దానియేలు కాదనలేదు. బెల్తెషాజరు అని పరాయి పేరు పెట్టారు. దానికీ అడ్డుచెప్పినట్టు గ్రంథంలో లేదు. తరువాత ఆ ప్రభుత్వంలోనే పెద్ద ఉద్యోగం చేశాడు. రాజు బల్ల మీది భోజనం దగ్గర మాత్రం ఆగాడు. ఆగడం కూడా ఎలా? గిన్నె నేలకు కొట్టలేదు, ప్రసంగం చేయలేదు. పై అధికారిని వేడుకున్నాడు, అతనికి రాజు వల్ల కలిగే భయాన్ని అర్థం చేసుకున్నాడు, పది రోజులు పరీక్షించి చూడమని మర్యాదగా ఒక మార్గం చూపించాడు. చదువు, పేరు, ఉద్యోగం, భోజనం అన్నీ ఎదురుగా ఉంటే ఒక్కదాని దగ్గరే గీత గీసుకోవడం అతని పరిణతి. ప్రతిదాన్నీ పోరాటంగా మార్చేవాడికి అసలు పోరాటం వచ్చేసరికి శక్తి మిగలదు.

మీరు కూడా ఒక కాగితం మీద రాసుకోండి: ఇష్టం లేకపోయినా చేయగలిగేవి, ఆలోచించి నిర్ణయించవలసినవి, ఏమైనా చేయనివి. మూడో వరుస చిన్నదిగా ఉండాలి, స్పష్టంగా ఉండాలి.

ప్రసాదం విషయం తీసుకుందాం, ఎందుకంటే అది మొదటి నెలలోనే వస్తుంది. రూమ్మేట్ తిరుమల వెళ్ళి వచ్చి, లడ్డూను నాలుగు ముక్కలు చేసి, మీ వాటాను కాగితంలో చుట్టి పట్టుకొచ్చి, “అన్నా, నీ కోసం దాచిపెట్టాను” అంటాడు. పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో 8, 10 అధ్యాయాలు ఈ ప్రశ్న మీదే ఉన్నాయి: అంగడిలో అమ్మేదాన్ని మనస్సాక్షి పేరిట ఆరా తీయకుండా తినవచ్చుననీ, ఇది అర్పించినదని ఒకరు చెప్పినప్పుడు మాత్రం ఆ చెప్పినవాని మనస్సాక్షి నిమిత్తం మానుకోవాలనీ అతడు అంటాడు. ఆ మాటల ఆధారంగా తెలుగు క్రైస్తవులలో ఎక్కువమంది ప్రసాదం తీసుకోరు. కొందరు స్నేహం కోసం తీసుకుంటారు. మీ నిర్ణయం ఏదైనా, చెప్పే తీరు మాత్రం ఇలా ఉండనివ్వండి: “గుర్తు పెట్టుకొని నా కోసం తెచ్చావు, చాలా సంతోషం తమ్ముడూ. పూజలో పెట్టినది మా ఇంట్లో తినే అలవాటు లేదు, ఏమీ అనుకోకు. దర్శనం బాగా జరిగిందా? క్యూలో ఎంతసేపు ఉన్నారు?” చివరి రెండు ప్రశ్నలు మరచిపోకండి. నిరాకరించింది లడ్డూను మాత్రమేననీ, మనిషిని కాదనీ ఆ ప్రశ్నల ద్వారానే అతనికి తెలుస్తుంది. ఎదుటివారి దేవుణ్ణి కించపరిచే మాట ఒక్కటి జారినా, ఆ గదిలో మీ సాక్ష్యం ఆ రోజుతో ముగిసినట్టే. ఆ తరువాత క్రిస్మస్‌కు మీరు ఇంటి నుంచి అరిసెలూ కేకూ తెచ్చి పెట్టినప్పుడు అతడు సంతోషంగా తింటాడు, అప్పుడు మీరు పొందే మర్యాద గురించి కూడా ఆలోచించండి.

అనుభవం ఉన్నట్టు రాయించుకోవాలా?

ఊళ్ళోని ప్రసంగాలలో అంతగా వినిపించనిదీ, నగరంలో మీ విశ్వాసాన్ని అన్నిటికంటే గట్టిగా పరీక్షించేదీ ఇదే. కోర్సు ముగిసి ఆరు నెలలు గడుస్తుంది. ఫ్రెషర్లకు పిలుపులు రావు. ఇంట్లో అప్పు తెచ్చి ఫీజు కట్టి ఉంటారు. అప్పుడు ఎవరో ఒకరు చెబుతారు: కొంత సొమ్ము ఇస్తే మూడేళ్ళ అనుభవం ఉన్నట్టు లెటర్లు, పే స్లిప్పులు తయారు చేయిస్తారు, ఇంటర్వ్యూలో వెనక నుంచి జవాబులు అందించేవారిని కూడా ఏర్పాటు చేస్తారు, అందరూ చేస్తున్నదే. ఈ మాట చెప్పేవాడు సాధారణంగా చెడ్డవాడు కాదు. చాలాసార్లు మీ ఊరివాడే, అప్పుడప్పుడు మీ సంఘంవాడే, తాను అలాగే స్థిరపడినవాడే.

దీనికి జవాబు ముందే సిద్ధం చేసుకోవాలి, ఎందుకంటే ఆ పిలుపు వచ్చే రోజున మీరు అలసిపోయి ఉంటారు. మొదట, ఈ మోసం ఎలా బయటపడుతుందో తెలుసుకోండి. ఉద్యోగంలో చేర్చుకున్న తరువాత కూడా కంపెనీలు వివరాలను తనిఖీ చేయిస్తాయి. భవిష్యనిధి ఖాతా నంబరు ద్వారా మీరు ఎక్కడ ఎన్నాళ్ళు పనిచేశారో, ఎవరు చందా కట్టారో బయటపడుతుంది. చేరిన ఎనిమిది నెలలకు తొలగింపు వస్తే, అప్పటికి ఇంట్లో పెళ్ళి మాటలు కూడా నడుస్తుంటాయి. అయితే దొరికిపోతామన్న భయం ఒక్కటే కారణమైతే, దొరకని మార్గం చూపించేవాడు రేపు వస్తాడు. సామెతల గ్రంథం 20వ అధ్యాయం 17వ వచనం ఈ సంగతిని నిర్మొహమాటంగా చెబుతుంది: మోసంతో తెచ్చుకున్న ఆహారం మొదట ఇంపుగానే ఉంటుంది, తరువాత నోరు మంటితో నిండుతుంది. రుచిగా ఉండదని ఆ వచనం అనదు. రుచిగానే ఉంటుందని ఒప్పుకుంటుంది. మొదటి జీతం నిజంగా తియ్యగానే ఉంటుంది, చేయని ప్రాజెక్టుల గురించి ప్రతి సమీక్షలో కొత్త అబద్ధం కల్పించవలసి రావడం, పక్కవాడు స్నేహంగా “ఇంతకుముందు ఏ టీములో ఉండేవారు?” అని అడిగినా గుండె ఝల్లుమనడం ఆ తరువాత వస్తాయి.

ఇక చేయవలసినది. ఉన్న నిజాన్ని బలంగా చూపించే మార్గాలు వెతకండి: మీరే స్వయంగా చేసిన రెండు చిన్న ప్రాజెక్టులను ఎవరైనా తెరిచి చూడగలిగేలా అందుబాటులో పెట్టండి, తక్కువ జీతమైనా నిజమైన అనుభవం ఇచ్చే సపోర్టు ఉద్యోగాన్నో ఇంటర్న్‌షిప్‌నో తీసుకోండి, ఖాళీగా ఉన్న కాలాన్ని రెజ్యూమెలో ఖాళీగానే ఉంచి, అడిగినప్పుడు కారణం చెప్పండి. ఇంటికి ఫోను చేసి ఉన్నదున్నట్టు చెప్పడం వీటన్నిటికంటే కష్టం. “నాన్నా, ఇంకా నాలుగు నెలలు పట్టేలా ఉంది, అడ్డదారి ఒకటి ఉంది గానీ నేను పోదలచుకోలేదు” అన్న ఒక్క మాట చెప్పడానికి ప్రార్థన కావాలి, ఉపవాసం కావాలంటే అదీ చేయండి. తోటివారు మీ నిర్ణయాన్ని ఎగతాళి చేస్తే వాదించవద్దు, వారి మీద ఫిర్యాదులు చేస్తూ తిరగవద్దు. సంఘంలో ఉద్యోగాలలో స్థిరపడిన పెద్దలు ఉంటే, వారిని నిస్సంకోచంగా రిఫరల్ అడగండి. యువతకు ప్రతి నెలా ప్రసంగం పెట్టే సంఘం ఏడాదికి రెండుసార్లు రెజ్యూమెలు దిద్దే కూడిక పెట్టలేకపోతే, ఆ లోపాన్ని కూడా మర్యాదగా వారి దృష్టికి తీసుకురండి.

మొదటి జీతం

దశమభాగం, అంటే ఆదాయంలో పదో వంతు, ఇవ్వాలా వద్దా అన్నదానిపై సంఘాలలో భేదాభిప్రాయం ఉంది. ఇచ్చే అలవాటు మొదటి జీతంతోనే మొదలుపెట్టడం మంచిదన్నదానిపై లేదు. పౌలు కొరింథీయులకు రాసిన రెండో పత్రికలో బలవంతంగా కాక, మనసులో నిశ్చయించుకొని ఇవ్వమన్నాడు, కాబట్టి నిశ్చయం ముందు, ఇవ్వడం తరువాత. జీతం పడిన రోజునే మూడు భాగాలు విడిగా తీయండి: కానుక, ఇంటికి పంపేది, పొదుపు. మిగిలినదానితో నెల గడపండి. తీరా నెలాఖరున మిగిలితే ఇద్దామనుకుంటే ఏమీ మిగలదు.

క్రెడిట్ కార్డు మీద గానీ, లోన్ యాప్‌లో అప్పు తెచ్చిగానీ కానుక ఇవ్వకండి. ఫోనులో ప్రసంగం మధ్యలో క్యూఆర్ కోడు చూపించి, ఇంత విత్తితే ఇన్ని రెట్లు కోస్తారని చెప్పేవారికి పంపకండి. అమ్మానాన్నల మందులకు డబ్బు అవసరమైన నెలలో సంఘానికి తక్కువ ఇచ్చినందుకు దేవుడు ఆగ్రహిస్తాడని ఎవరైనా అంటే, మార్కు 7వ అధ్యాయం చూపించండి. తల్లిదండ్రులకు చెందవలసినదాన్ని కొర్బాను, అంటే దేవార్పితమని చెప్పి తప్పించుకునేవారిని యేసు అక్కడ సూటిగా తప్పుపట్టాడు.

ఫోను

రాత్రి పన్నెండు దాటాక చేతిలో ఉండే ఫోను గురించి యూత్ మీటింగుల్లో అందరూ తలలు దించుకొని వింటారు, ఎవరూ మాట్లాడరు. ఉపాయం పెద్దదేమీ కాదు: ఛార్జరును మంచానికి చేయి అందనంత దూరంలో పెట్టండి, నిద్రలేవడానికి చవకైన అలారం గడియారం కొనుక్కోండి. అశ్లీల దృశ్యాలు అలవాటైపోయి ఉంటే, ఒంటరిగా చేసుకునే ప్రమాణాలు సాధారణంగా వారం దాటవు. యాకోబు తన పత్రికలో పాపాలను ఒకనితో ఒకడు ఒప్పుకొమ్మన్నాడు. అబ్బాయిలు నమ్మకమైన ఒక అన్నతో, అమ్మాయిలు ఒక అక్కతో, నోరు జారని స్వభావం ఉన్నవారిని చూసుకొని, ఒకసారి చెప్పండి, వారానికొకసారి “ఎలా ఉన్నావు?” అని అడిగే బాధ్యతను వారికి ఇవ్వండి. సిగ్గు సగం తగ్గేది అక్కడే. ఆ రాత్రి తప్పు జరిగిందని మరునాటి ప్రార్థన మానుకోవడం మాత్రం రెండో తప్పు.

అనుకున్నది జరగనప్పుడు

కొత్త సంవత్సరపు ఆరాధనలో బైబిలు వచనం రాసి ఉండే వాగ్దాన కార్డు తీసినప్పుడు చాలామందికి యిర్మీయా 29:11 వస్తుంది: మీ గురించి నేను ఉద్దేశించినవి సమాధానకరమైనవే, హానికరమైనవి కావు అని. దానిని పర్సులో పెట్టుకొని పరీక్షకు వెళ్ళి, ఫలితాల్లో నంబరు కనిపించకపోతే, దేవుడు మాట తప్పాడనిపిస్తుంది. అలాంటి రోజున ఆ అధ్యాయం మొత్తం చదవండి. అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరపట్టి తీసుకుపోబడినవారికి యిర్మీయా పంపిన ఉత్తరం. పదకొండో వచనానికి ముందు పదో వచనం ఉంది: డెబ్బై సంవత్సరాలు గడిచిన తరువాత. ఆ ఉత్తరం విన్న పెద్దవాళ్ళలో చాలామందికి తిరిగి ఇంటికి వెళ్ళే అవకాశమే లేదు. రెండేళ్ళలో అంతా సర్దుకుంటుందని హనన్యా అనే ప్రవక్త అంతకుముందు అధ్యాయంలోనే చెప్పాడు, అది ప్రజలకు నచ్చే మాట, అది అబద్ధమని తేలింది. మరి ఆ డెబ్బై ఏళ్ళూ ఏమి చేయమన్నాడు? ఇళ్ళు కట్టుకోమన్నాడు, తోటలు నాటి ఫలాలు తినమన్నాడు, పిల్లల పెళ్ళిళ్ళు చేయమన్నాడు, ఏ పట్టణానికి చెరగా వెళ్ళారో ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమన్నాడు.

ఈ ఉత్తరాన్ని మీ హాస్టల్ గదికి అన్వయించుకుంటే పనులు చాలా స్పష్టంగా కనిపిస్తాయి. ఉద్యోగం వచ్చాకే జీవితం మొదలవుతుందని వాయిదా వేసుకోకుండా, ఈ ఏడాదిలోనే స్నేహాలు పెంచుకోవాలి, వంట నేర్చుకోవాలి, వ్యాయామం చేయాలి. పట్టణపు క్షేమం అంటే మీ వీధి పిల్లలకు శనివారం లెక్కలు చెప్పడం కావచ్చు, రక్తదానం కావచ్చు, హాస్టల్ వాచ్‌మన్ కూతురి స్కాలర్‌షిప్ దరఖాస్తు నింపిపెట్టడం కావచ్చు. తెలుగునాట ఈ మతాన్ని ఎరగనివారు కూడా దానిని గుర్తుపట్టింది ఇలాంటి పనుల వల్లనే: డాక్టర్ అన్నా కుగ్లర్ 1883లో గుంటూరు వచ్చి స్త్రీలకు, పిల్లలకు మొదలుపెట్టిన వైద్యసేవ ఆసుపత్రిగా ఎదిగింది, రాబర్ట్ నోబుల్ 1843లో మచిలీపట్నంలో ప్రారంభించిన బడి కళాశాల అయింది.

నిరాశ ఫలితాల రోజుతో ముగియక వారాల తరబడి నిద్ర, ఆకలి పోయి, బతకాలని లేదనిపించే దాకా వస్తే, అది విశ్వాసం తక్కువైన లక్షణమని అనుకోకండి. ఏలీయా ప్రవక్త కర్మెలు కొండ మీద అంత గెలుపు చూసిన వెంటనే బదరీవృక్షం కింద కూర్చొని చావు కోరుకున్నాడు. దేవుడు అతనికి ముందుగా ప్రసంగం పంపలేదు. నిద్రపోనిచ్చాడు, దూత చేత రెండుసార్లు లేపించి రొట్టె, నీళ్ళు ఇప్పించాడు, ప్రయాణం ఎక్కువ గనుక తినమన్నాడు. మాటలు హోరేబు కొండకు చేరిన తరువాతే. మీరూ ఆ క్రమాన్నే పాటించండి. తిండి, నిద్ర సరిచేసుకోండి, మానసిక వైద్యుణ్ణి కలవండి, మందులు రాస్తే వాడండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. గదిలో తోటివారు ఈ స్థితిలో ఉంటే వాక్యం చదివి వినిపించే ముందు అన్నం పెట్టించి, ఒంటరిగా వదలకుండా దగ్గర ఉండండి.

దరఖాస్తులో మతం గడి

దళిత కుటుంబాల నుంచి వచ్చిన క్రైస్తవ యువతను వెంటాడే ఒక ప్రశ్న ఉంది, దాన్ని ప్రసంగ వేదికల మీద దాటవేస్తారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డ్ కులాల హోదా ప్రధానంగా హిందువులకే ఉండేది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు విస్తరించారు. క్రైస్తవులకు, ముస్లింలకు విస్తరించలేదు. తెలుగు రాష్ట్రాలలో షెడ్యూల్డ్ కులాల నుంచి క్రైస్తవంలోకి మారినవారినీ వారి సంతతినీ వెనుకబడిన తరగతులలోని సి వర్గంలో (బీసీ-సి) చేర్చారు, ఆ వర్గానికి రిజర్వేషన్ ఒక శాతం. షెడ్యూల్డ్ తెగలకు ఈ మత నిబంధన లేదు. వివక్ష మాత్రం బాప్తిస్మపు నీళ్ళతో పోదని పల్లెలో పుట్టినవారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కొన్ని సంఘాల్లో పెళ్ళి సంబంధాల దగ్గర కూడా అది కనిపిస్తుంది.

ఈ పరిస్థితిలో మీరు చేయవలసినది మూడు ముక్కల్లో: దరఖాస్తు చివరి తేదీ రాత్రి, నెట్ సెంటరు కుర్రాడు అడిగినప్పుడు కాకుండా, ముందుగానే తల్లిదండ్రులతోనూ చట్టం తెలిసిన న్యాయవాదితోనూ కూర్చొని మీ సర్టిఫికెట్ల పరిస్థితి తెలుసుకోండి. ఏ ధ్రువీకరణ మీద సంతకం చేస్తున్నారో పూర్తిగా చదవండి, మనస్సాక్షికి అబద్ధమని తెలిసినదాని మీద సంతకం చేయకండి. వేరే నిర్ణయం తీసుకున్న తోటి విశ్వాసిని సంఘంలో వేలెత్తి చూపకండి. పది తరాల లేమి మోసినవారి ఇంటి లెక్కను బయటివారు తీర్పు తీర్చడం సులువు. చట్టం మారాలని కోరుకోవడం, దానికోసం శాంతియుతంగా అడగడం పౌరులుగా మీ హక్కు.

ప్రేమ, పెళ్ళి, సభ్యత్వ పత్రం

ఎవరినైనా ఇష్టపడితే, ఇద్దరికీ విశ్వాసం ఒకటేనా అన్న ప్రశ్నను ఆరో నెలలో కాకుండా మొదటి నెలలోనే మాట్లాడుకోండి. పిల్లలను ఎలా పెంచుతారు, ఆదివారాలు ఎలా గడుస్తాయి, అత్తింటి పూజలలో ఏమి చేస్తారు అన్నవి పెళ్ళయ్యాక తేల్చుకునే సంగతులు కావు. మతం మారితే తప్ప పెళ్ళి జరిపించేది లేదనేవారి కోసం పేరుకు బాప్తిస్మం తీసుకొమ్మని ఎదుటివారిని ఒత్తిడి చేయకండి. అది వారికీ అన్యాయం, బాప్తిస్మానికీ అన్యాయం. వేర్వేరు మతాలవారు మతం మారకుండా చేసుకోవడానికి 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది, దానికి ముప్పై రోజుల నోటీసు కావాలి.

చివరగా, చాలామంది పట్టించుకోని ఒక కాగితం. నగరంలో ఏడాది దాటి ఉండబోతున్నారని తేలిన తరువాత, ఊరి సంఘం అయ్యగారి దగ్గర సభ్యత్వ బదిలీ పత్రం, దానితోపాటు బాప్తిస్మం, నిర్ధారణ సర్టిఫికెట్ల నకళ్ళు తీసుకొని ఇక్కడి సంఘంలో ఇవ్వండి. ఎక్కడా పేరు లేకుండా నాలుగు చర్చిలకు తిరిగేవారికి జబ్బు చేసినప్పుడు ఆసుపత్రికి వచ్చే పాస్టరు ఉండడు, సర్వసభ్య సమావేశంలో లెక్కలు అడిగే హక్కూ ఉండదు. సీఎస్ఐ వంటి సంఘాలలో పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటనలు చదవాలి, అవి ఇద్దరి సంఘాలలోనూ జరగాలి. ముహూర్తం పెట్టుకున్నాక పత్రాల కోసం ఊరికీ నగరానికీ మధ్య బస్సుల్లో తిరిగేవారు ప్రతి పెళ్ళిళ్ళ కాలంలోనూ కనిపిస్తారు. ఈసారి ఇంటికి వెళ్ళినప్పుడే అయ్యగారిని కలిసి అడగండి, రిజిస్టరులో మీ పేరు, పుట్టిన తేదీ, తల్లిదండ్రుల పేర్లు పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే నిలబడి సరిచూసుకోండి.